ఒక జట్టుకు ఒకే కీపరు

క్రికెట్ విషయంలో నాతో వాదించి గెలిచే మగవాడు మా చర్చిలో ఇంకా పుట్టలేదని నాకు చాలాకాలంగా ఒక పొగరు. ఉద్యోగం అండమాన్ పోర్ట్ బ్లెయిర్‌లో, డెలానీపూర్‌లోని ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తాగిరీ, ఇల్లు డాలీగంజ్‌లో, వానలు వెనకబట్టాక మనసు మాత్రం మైదానంలో. చుట్టుపక్కల చర్చిల కుర్రాళ్ళు ఆడే టెన్నిస్ బంతి మ్యాచులకు ఏళ్ళ తరబడి స్కోరు రాస్తున్నది నేనే. టార్పాలిన్ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చుంటాను. వైడు బంతిని అంపైరు చూసీ చూడనట్టు వదిలేస్తే అక్కణ్ణుంచే లేస్తాను. "కూకోండి ఆంటీ, ఇచ్చేస్తన్నాను" అని అతను రెండు చేతులూ చాపేదాకా కూర్చోను.

ఈ పొగరే నన్ను ముంచింది. ఎలా ముంచిందో చెప్పాలంటే ముందు ఆట సంగతి చెప్పాలి.

ఫోన్లలో ఒక ఆట ఉంది. నిజంగా జరగబోయే మ్యాచుల్లోంచి మనకు నచ్చిన పదకొండు మందిని ఏరుకుని ఉత్తుత్తి జట్టు ఒకటి కట్టుకోవాలి. వాళ్ళు నిజం మ్యాచులో పరుగులు తీసినా, వికెట్లు తీసినా, క్యాచులు పట్టినా మనకు పాయింట్లు వస్తాయి. మా యౌవనస్థులు దీని మీద డబ్బు పెడుతున్నారని పాస్టరుగారి చెవిన పడింది. ఆయన వారం వారం దాని మీదే ప్రసంగం చేసి వాళ్ళ చెవులు వాయించారు. కుర్రాళ్ళు తక్కువవాళ్ళా? డబ్బు తీసేసి ఆటను ఉంచుకున్నారు. టీవీలో కనిపించే పెద్ద ఆటగాళ్ళెందుకు, మన చర్చిల టోర్నమెంటులో ఆడే మన పిల్లలనే ఏరుకుందాం అన్నారు. ఇంటికొక జట్టు. టోర్నమెంటు అయ్యాక జరిగే ప్రేమ విందులో గెలిచిన ఇంటివాళ్ళు వేలు కదపనక్కర్లేదు, మిగిలినవాళ్ళు వండి వడ్డిస్తారు. పాస్టరుగారు బాగా ఆలోచించి సరేనన్నారు. అన్నాక తన ఇంటి తరఫున కూడా ఒక జట్టు పెట్టుకున్నారు.

ఫోను ఆటలో ఎలా ఉన్నా, మావాళ్ళు పెట్టిన నియమం ఒకటుంది. జట్టులో వికెట్ కీపరు ఒక్కడే ఉండాలి.

నాకు ఇద్దరల్లుళ్ళు. ఇద్దరూ కీపర్లే.

చిన్నల్లుడు డాలీగంజ్ జట్టుకు కీపరు. మా వీధికి రెండు వీధుల అవతల ఇల్లు, మాలాగే తాతల నాడు శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం, ఓడల టిక్కెట్లిచ్చే ఆఫీసులో పని. సంబంధం మేమే చూసి చేశాం. పెద్దల్లుడు చౌల్దారీ జట్టుకు కీపరు. అక్కడ కూరగాయలు పండిస్తాడు, తెల్లారకముందే పికప్ బండిలో పోర్ట్ బ్లెయిర్ మార్కెట్టుకు తెస్తాడు. వాళ్ళది రాంచీ వైపు నుంచి అడవి పనులకు వచ్చి ఈ దీవుల్లో స్థిరపడిన కుటుంబం. వాళ్ళ చర్చిలో ఆరాధన హిందీలో జరుగుతుంది. మా పెద్దమ్మాయి అతన్ని ఇష్టపడి చేసుకుంది.

మా తాత వల వెయ్యడానికి వచ్చాడు, వాళ్ళ తాత చెట్టు కొట్టడానికి వచ్చాడు. ఇంతోటిదానికి ఎక్కువేమిటి, తక్కువేమిటి అని ఇవాళ అడుగుతాను. ఆ రోజు అడగలేదు. "మనవాళ్ళు కాదు కదే" అన్నాను. ఆ మాటను ఎన్ని రకాలుగా అనొచ్చో అన్ని రకాలుగానూ అన్నాను. పెళ్ళికి వెళ్ళాను గానీ విందులో మెతుకు ముట్టలేదు. కడుపులో బాగోలేదని అందరికీ చెప్పాను. పిల్ల మాత్రం నా విస్తరి వైపు చూసింది.

తరువాత ఒక ఏడు నాకు విషజ్వరం వచ్చి మంచం దిగలేని స్థితి వచ్చింది. రోజూ పొద్దున్నే మా గేటుకు ఒక సంచి వేలాడుతూ ఉండేది. అందులో బెండకాయలో, బీరకాయలో, రెండు కొబ్బరిబోండాలో ఉండేవి. మార్కెట్టుకు వెళ్తూ పెద్దల్లుడు తగిలించి పోయేవాడు. గేటు తీసుకుని లోపలికి మాత్రం వచ్చేవాడు కాదు, ఎందుకంటే నేను ఎన్నడూ పిలవలేదు. ఒక రోజు గోడ పట్టుకుని బయటికి వచ్చి, "అందర్ ఆవో బేటా" అన్నాను. అతను చెప్పులు విడిచి, చేతులకున్న మట్టి లుంగీకి తుడుచుకుని వచ్చి కుర్చీ అంచున కూర్చున్నాడు. "అమ్మా" అని పిలిచాడు. అత్తయ్యా అనో ఆంటీ అనో పిలవడం అతనికి ఆనాటి నుంచీ లేదు.

ఒళ్ళు కుదుటపడ్డాక ఒక ఆదివారం ఆరాధనలో లేచి సాక్ష్యం చెప్పాను. మైకు పట్టుకుని, నా హృదయం రాయిగా ఉండేదని, దేవుడు దాన్ని మెత్తబరిచాడని, నాకు ఇద్దరల్లుళ్ళు కాదు, ఇద్దరు కొడుకులున్నారని, ఇద్దరి మధ్యా వెంట్రుకవాసి తేడా నాకు లేదని చెప్పాను. ఆడవాళ్ళు కొంగులతో కళ్ళొత్తుకున్నారు. వెనక బల్ల మీద కూర్చున్న మా పెద్దమ్మాయి వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ సాయంత్రం నుంచి మళ్ళీ పుట్టింటికి మనస్ఫూర్తిగా రావడం మొదలుపెట్టింది.

ఇదంతా చెప్పింది ఎందుకంటే, నా ఉత్తుత్తి జట్టులో కీపరు దగ్గరికి వచ్చేసరికి నా చేతిలో ఉన్నది ఆట ఒక్కటే కాదు. సంఘం అంతటి ముందూ నేనిచ్చిన మాట కూడా ఉంది.

జట్టు పేర్లు శనివారం సాయంత్రం లోపు యౌవనస్థుల నాయకుడికి వాట్సాప్‌లో పంపాలన్నారు. పదిమంది పేర్లు టీ తాగేలోపు రాసేశాను. పదకొండో చోటు దగ్గర ఆగిపోయాను. మా ఆయన వరండాలో కూర్చుని వక్కలు ఒలుస్తున్నాడు. ఆయన ఓడల్లో ఇంజను గదిలో పని చేసి రిటైరయిన మనిషి, అన్నాళ్ళ చప్పుడు విన్నందుకేమో, అవసరమైతే తప్ప నోరు విప్పడు.

"ఏవండీ, కీపరుగా ఎవర్ని పెట్టమంటారు?"

"ఇద్దర్నీ వద్దు. ఆ తమిళం చర్చి కుర్రోడున్నాడు కదా, ఆణ్ణి పెట్టేసి ఊరుకో."

"వాడు బంతి వస్తే కళ్ళు మూసుకుంటాడండీ."

"నువ్వూ మూసుకో," అన్నాడాయన.

బంగారంలాంటి మాట. విని ఉంటే ఈ కథే లేదు. కానీ అన్నీ తెలిసినదాన్నని పేరున్నదాన్ని, బంతి పట్టడం రానివాణ్ణి కీపరుగా పెడితే నలుగురూ నవ్వరా? చుట్టరికానికి భయపడి ఆట వదిలేసిందనరా? ఆట వేరు, ఇల్లు వేరు అని నాకు నేను చెప్పుకుని ఇద్దరు అల్లుళ్ళనూ తూకం వెయ్యడానికి కూర్చున్నాను. అత్తగారికి అంతకంటే దరిద్రపు పని ఇంకోటి ఉండదు.

తూకం తేలదు. ఇద్దరూ ఐదో నంబరులో బ్యాటింగుకు వస్తారు. ఇద్దరూ మొదటి బంతి నుంచే బాదే రకం. ఇద్దరూ వికెట్లకు దగ్గరగా నిలబడి, బ్యాటు మనిషి కాలు లేస్తే చాలు బెయిల్స్ ఎగరగొడతారు. చౌల్దారీకి మొదటి మ్యాచు చేతకాని జట్టుతో, డాలీగంజ్‌కూ అలాంటిదానితోనే. దొందూ దొందే అనడానికి అల్లుళ్ళ విషయంలో నోరు రాదు గానీ, ఆటలో మాత్రం ఒకణ్ణి తీసి ఒకణ్ణి పెట్టడానికి గోరంత కారణం కూడా దొరకలేదు. అడకత్తెరలో పోకచెక్కలా ఉంది నా పని.

చివరికి చిన్నల్లుడి పేరు రాసి పంపేశాను. డాలీగంజ్ బ్యాటింగు కొంచెం గట్టిది, ఇతనికి పరుగులు ఎక్కువ వస్తాయి అనుకున్నాను. అనుకున్న మరుక్షణమే, అంత గట్టి బ్యాటింగైతే ఐదో నంబరు దాకా బంతులు మిగలవు కదా అని కూడా తోచింది. ఆ రెండో ఆలోచనను పక్కకు నెట్టి ఫోను బోర్లించాను.

మరునాడు టోర్నమెంటు కోసం అన్ని చర్చిలవాళ్ళూ మా దగ్గర చేరారు. ఆరాధన, ప్రార్థన అయ్యాక ఆవరణలో టీ, బిస్కట్లు. పెద్దమ్మాయి, పెద్దల్లుడు, వాళ్ళ పిల్లవాడు కూడా వచ్చారు. యౌవనస్థుల నాయకుడు మైకు అందుకుని ఇంటింటి జట్టూ చదవడం మొదలుపెట్టాడు. చదువుతారని నాకు తెలియదు. తెలిసి ఉంటే మా ఆయన మాట వినేదాన్నని ఇప్పుడు అనుకుంటాను గానీ, అదీ నమ్మకంగా చెప్పలేను.

"ఇంక మన స్కోరరు ఆంటీ టీము. కీపరు, ఆంటీ చిన్నల్లుడుగారు." అతను ఆగి నవ్వాడు. "పెద్దల్లుడుగార్ని బెంచీ మీద కూకోబెట్టేసారేటి ఆంటీ?"

అందరూ నవ్వారు. చెడ్డ నవ్వు కాదు, టీ గ్లాసులతో నవ్వుకునే నవ్వు. నేనూ నవ్వి, "ఈసారికి ఈయన, వచ్చే ఏడు ఆయన" అనేసి ఉంటే అక్కడితో పోయేది. కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం. జనం నవ్వుతున్నారు, పెద్దమ్మాయి నా వైపు కన్నార్పకుండా చూస్తోంది, ఏదో ఒక కారణం చెప్పి తీరాలి. నా నోట వచ్చింది ఇది:

"ఆటలో చుట్టరికాలు చూడకూడదు. పెద్దాయనకి లెగ్ సైడు బంతి అందదు. లేటుగా కదుల్తాడు. ఎన్నాళ్ళనుంచో చూస్తన్నాను."

అబద్ధం. కాలి వైపు పోయే బంతి బ్యాటు మనిషి ఒంటి చాటున వస్తుంది, కీపరుకు ఆఖరి దాకా కనపడదు. అలాంటి బంతిని పెద్దల్లుడు పట్టినంత తేలిగ్గా పట్టేవాణ్ణి నేను మా మైదానంలో చూడలేదు. అతనిలో ఒక గొప్ప గుణం ఏదని ఎవరైనా అడిగితే నేను చెప్పేది అదే. దాన్నే తీసుకుని లోపం చేసి మైకు ముందు పెట్టాను. క్రికెట్ మాట కాబట్టి అందరూ నమ్మారు. నేను క్రికెట్ విషయంలో అబద్ధం చెబుతానని ఎవరనుకుంటారు?

పెద్దల్లుడు పిల్లవాణ్ణి భుజం మీద కూర్చోబెట్టుకుని టీ తాగుతున్నాడు. నా మాట విని గ్లాసు దించాడు. ముఖం చిన్నబుచ్చుకోలేదు. అతనికి కష్టమేసి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది. శ్రద్ధగా తల ఊపాడు.

"సహీ బాత్ అమ్మా. నేను చూసుకుంటా," అన్నాడు.

మ్యాచులు మొదలయ్యాయి. నేను రోజూ టార్పాలిన్ కింద కూర్చుని స్కోరు రాస్తున్నాను గానీ చూపు మాటిమాటికీ చౌల్దారీ కీపరు మీదికే పోతోంది. అతను నిలబడే చోటు మారింది. ఇదివరకు వికెట్లకు నేరుగా వెనక కూర్చునేవాడు. ఇప్పుడు కొంచెం లెగ్ సైడుకు జరిగి కూర్చుంటున్నాడు. బౌలరు చెయ్యి తిప్పకముందే ఒక అడుగు అటు వేస్తున్నాడు. లెగ్ సైడు బంతి ఒకటి అందుకున్నప్పుడల్లా దాన్ని పైకెత్తి, నేను కూర్చున్న వైపు చూసేవాడు. నేను పెన్ను పట్టుకున్న చెయ్యే పైకెత్తి బాగుందన్నట్టు ఊపేదాన్ని. ఏం చెయ్యాలి మరి? తేలు కుట్టిన దొంగ అరవగలడా?

సెమీఫైనల్లో చౌల్దారీ గెలుపు గుమ్మంలో ఉంది. అవతలివాళ్ళకు ఆఖరి ఓవరు, ఆఖరి జంట, ఒక్క వికెట్టు పడితే చాలు. బౌలరు ఆఫ్ సైడున వేశాడు. బ్యాటు అంచుకు తగిలిన బంతి కీపరు కుడిచేతి పక్కగా, పాత రోజుల్లో అయితే అతను నిద్రలో పట్టేంత సులువుగా వచ్చింది. అతను అప్పటికే లెగ్ సైడుకు అడుగు వేసి ఉన్నాడు. వెనక్కి తిరిగి చెయ్యి చాపాడు, వేళ్ళకు తగిలి బంతి బౌండరీకి పోయింది. తరువాతి బంతికి మ్యాచు అయిపోయింది. చౌల్దారీ ఓడిపోయింది.

నా చుట్టూ ఉన్నవాళ్ళు నా వైపు తిరిగారు. "ఆంటీ ముందే చెప్పారు కదరా," అన్నాడొకడు. "ఆంటీ నోటమాట," అన్నాడు ఇంకొకడు. బంతి పడింది ఆఫ్ సైడునని, నేను చెప్పింది లెగ్ సైడని ఎవరికీ పట్టలేదు. కీపరు వదిలేశాడు, కీపరు వదిలేస్తాడని నేను చెప్పాను, అంతే లెక్క. ఆ వదిలేయడం నా చలవేనని తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. ఆ నాలుగు పరుగులు రాయడానికి రెండుసార్లు దిద్దుకోవాల్సి వచ్చింది.

అతను చెమటతో, మోకాళ్ళకు ఎర్రమట్టితో నా దగ్గరికి వచ్చి నేల మీదే కూర్చున్నాడు.

"మీరు పహలే బోలినారు అమ్మా. లెగ్ సైడ్ మీదే ధ్యాన్ పెట్టాను. ఇటు వస్తుందని సోచ్ చెయ్యలేదు. టీం అంతా నా వల్ల ఓడిపోయింది."

అప్పుడే చెప్పాల్సింది. 'నీ తప్పు కాదు, ఆ లోపం నీకు లేదు, నేనే కల్పించాను' అని అనడానికి ఎంతసేపు పడుతుంది? చుట్టూ జనం ఉన్నారు. వాళ్ళందరి ముందూ నా పరువు ఉంది. "పరవాలేదు బేటా, ఆటన్నాక పోతాది" అని మంచినీళ్ళ సీసా ఇచ్చాను. అతను సీసా ఎత్తి గటగటా తాగి, "థాంక్యూ అమ్మా" అన్నాడు.

ఆ సాయంత్రం చిన్నల్లుడు ఇంటికి వచ్చి కాసేపు అదీ ఇదీ మాట్లాడి, వెళ్ళబోతూ గుమ్మం దగ్గర ఆగాడు. "అత్తయ్యా, భయ్యాని పెట్టుండాల్సిందండి మీరు. నాకన్నా ఆయన చేతులు మంచివి. నన్ను పెట్టినందుకు నాకే సిగ్గుగా ఉంది," అన్నాడు. మంచివాడు. అతని మంచితనం కూడా ఆ రోజు నన్ను గుచ్చింది.

ఆ తరువాత ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడల్లా ఇదే ఆలోచన. ఇద్దరిలో ఒకడు మెరుగై ఉంటే, మంచి ఆటగాణ్ణి పెట్టుకున్నానని నిబ్బరంగా ఉండేదాన్ని. ఇద్దరూ సమానమని నాకు తెలుసు. ఆట ఏ వైపూ మొగ్గనప్పుడు మొగ్గింది నేను. చిన్నాయన వస్తే చేప తల ఆయన కంచంలోకి పోతుంది, పెద్దాయన వస్తే అడిగి వేస్తాను. చిన్నాయనను బాబూ అంటాను, పెద్దాయనను బేటా అంటాను. అది భాష తేడా అని ఇన్నాళ్ళూ అనుకున్నాను. పెద్దాయనకు హిందీ కలిసినా తెలుగు వస్తోంది, మా మనవడితో తెలుగే మాట్లాడతాడు. నేనే ఇంకా అతనితో హిందీ వదల్లేదు.

ఫైనల్లో చిన్నల్లుడు అదరగొట్టాడు. పరుగులు తీశాడు, స్టంపింగులు చేశాడు. పాయింట్లు కలిపితే మా ఇంటి జట్టే మొదటిది. పాస్టరుగారి జట్టు ఆఖరుది. "దేవుడు ఆంటీకి ఇచ్చిన వరం" అని ఆయనే నవ్వుతూ అన్నారు. వరమేమో గానీ, ఓడిపోయి ఉంటే బాగుండునని జీవితంలో మొదటిసారి అనిపించింది.

ప్రేమ విందు రోజు పొద్దున్నే పికప్ బండి నిండా కూరగాయలు వేసుకుని పెద్దల్లుడు వచ్చేశాడు. చర్చి వెనక పొయ్యిల దగ్గర అతను, పెద్దమ్మాయి, మరికొందరు వంటకు కూర్చున్నారు. కుర్చీలో కూర్చోలేక నేను వెనక్కి వెళ్ళాను. మిగతావాళ్ళు నీళ్ళకు వెళ్ళినట్టున్నారు, పందిరి కింద పెద్దమ్మాయి ఒక్కతే వంకాయలు తరుగుతోంది.

"గెలిచినోళ్ళు పని చెయ్యకూడదు," అంది తలెత్తకుండా.

"చూసి పోదామని వచ్చానే."

"అయితే ఒకటడుగుతాను సెప్పు. లెగ్ సైడు బాల్ ఆయన ఎప్పుడు వదిలేసారు? ఒక్క మ్యాచ్ సెప్పు చాలు. నీ పక్కన కూకుని నేను చూడనిదేటి?"

నేను పక్కనున్న పీట లాక్కుని కూర్చున్నాను. చిన్నప్పుడు బంతి ఎటు పోయిందో, ఎందుకు పోయిందో దానికి చెప్పి నేర్పింది నేనే.

"వదల్లేదు," అన్నాను.

"మరెందుకలా అన్నావు?"

"అందరూ నవ్వుతుంటే ఏం చెప్పాలో తెలీలేదు."

"అది కాదమ్మా. ముందసలు ఆయన్ని ఎందుకు పెట్టలేదు?"

అది వంకాయ ముక్కలు ఉప్పునీళ్ళలో వేస్తూనే ఉంది. దానికి ఇంకో క్రికెట్ కారణం చెప్పడానికి నాకు సిగ్గేసింది.

"చిన్నాయన మనవాడు కదా అని," అన్నాను. "అలా అనుకుని పెట్టలేదే. తరవాత చూసుకుంటే అదే కనపడింది."

అది ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. కత్తిపీట మీద చెయ్యి ఆగి మళ్ళీ కదిలింది.

"ఆ రోజు నువ్వు సాక్ష్యం చెప్పావు చూడు, అది అబద్ధమా?"

"నిజమనుకునే చెప్పానమ్మా."

"ఊఁ," అంది.

"ఆయనకి నేను చెప్పేస్తాను. ఇవాళే చెప్తాను. కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను."

అప్పుడు తలెత్తి చూసింది. "వద్దు. నువ్వు చెప్పేసుకుంటే నీ మనసు బరువు దిగి హల్కా అయిపోద్ది. ఆయన సంగతి సోచ్ చేశావా? ఇప్పుడాయన ఒక బాల్ వదిలేసిన మనిషి, అంతే. ప్రాక్టీసు చేస్తే బాగుపడతాననుకుంటున్నారు. నువ్వు చెప్పేది విన్నాక దేన్ని ప్రాక్టీసు చేస్తారు?"

నీళ్ళ బిందెలతో మిగతావాళ్ళు వచ్చేశారు, నేను లేచి వచ్చేశాను. మధ్యాహ్నం నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టారు. నాకు వడ్డించింది పెద్దల్లుడే. వంకాయ కూర వేసి, నాకు ఇష్టమని గుజ్జు ఉన్న ముక్కలు ఏరి మళ్ళీ వేశాడు. ఒక్క మెతుకు వదలకుండా తిన్నాను. అతని పెళ్ళి విందులో వదిలేసిన అన్నం ఇది కాదని తెలుసు, అయినా వదలడానికి ధైర్యం చాలలేదు.

కొన్ని వారాల తరువాత ఒక సెలవు రోజున చౌల్దారీ బస్సెక్కాను. పిల్లవాణ్ణి చూడాలని పేరు. వాళ్ళింటి వెనక చిక్కుడు పాదులు తీసేసిన మడిలో మూడు వెదురు కర్రలు పాతి ఉన్నాయి. పెద్దల్లుడు వాటి వెనక వంగి కూర్చున్నాడు. మా పెద్దమ్మాయి ఇటువైపు నిలబడి బంతులు విసురుతోంది. విసిరిన ప్రతి బంతీ లెగ్ సైడుకే. కర్రల ముందు ఒక పాత డ్రమ్ము నిలబెట్టారు, బ్యాటు మనిషి అడ్డుగా ఉన్నట్టు. నన్ను చూసి అతను లేచి నిలబడ్డాడు.

"అమ్మా, బాగా టైంకి వచ్చారు. ఈమె విసిరితే నాకు పతా చల్దు, తప్పు తెలీదు, నాకు తేలిగ్గా వేస్తుంది. మీరు వెయ్యండి. మీ కంటికి తెలుస్తుంది."

ఇంతకాలం మా ఇంట్లో నేను హిందీలో అడిగినదానికల్లా హిందీలోనే జవాబిచ్చిన మనిషి, మైదానంలోలాగే ఇక్కడా తెలుగు మాటలు వెతికి వెతికి ఏరుకుంటున్నాడు. పెద్దమ్మాయి బంతి తెచ్చి నా చేతిలో పెట్టింది. పక్కకు జరిగి చీర కొంగుతో ముఖం తుడుచుకుంటూ నిలబడింది.

నేను విసిరాను. అతను డ్రమ్ము చాటు నుంచి వచ్చిన బంతిని చప్పుడు లేకుండా అందుకున్నాడు. మళ్ళీ విసిరాను, ఈసారి ఇంకా దూరంగా, నేలకు దగ్గరగా. అందుకున్నాడు. ఎప్పుడూ అందుకున్నట్టే అందుకున్నాడు. మోచేతుల మీద పాత దెబ్బలు మాని కొత్తవి తేలి ఉన్నాయి. రోజూ మార్కెట్టు నుంచి వచ్చాక ఇదే పని అని పెద్దమ్మాయి తరువాత చెప్పింది. నా చెయ్యి నొప్పి పుట్టేదాకా విసిరాను, ఒక్కటీ వదల్లేదు.

అతను బంతి పట్టుకుని కర్రల అవతల నుంచి అడిగాడు. "ఇప్పుడు చెప్పండి అమ్మా. ఆ లోపం పోయిందా?"

పెద్దమ్మాయి నా వైపు చూస్తోంది. లేదు అంటే రేపు కూడా ఈ మట్టిలో పడి దొర్లుతాడు. పోయింది అంటే అది నిజంగా ఉండేదని నా నోటితో మళ్ళీ ముద్ర వేసినట్టు. అసలు సంగతి చెప్పనివ్వకుండా కూతురు ఎదురుగా నిలబడి ఉంది, దాని మాటే సరైనదని నాకూ తెలుసు.

"పోయింది బాబూ," అన్నాను. "పూర్తిగా పోయింది."

అతని ముఖం వెలిగిపోయింది. బంతిని తిరిగి నా చేతిలోకి వేస్తూ అన్నాడు, "మీరు ఆ రోజు అందరి ముందు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు అమ్మా. సొంత తల్లైనా అలా చెప్పదు."